మైదానంలో మేరునగం – కల్నల్ సి.కె. నాయుడు

చేత కర్ర పూని, ఎదురుగా దూసుకొని వచ్చే బంతిని దూరతీరాలకు కొట్టడంలో మనిషి పొందే ఆనందం దేశకాలాలకు అతీతమైనది. అమెరికా ప్రజలు ఆ ఆనందాన్ని బేస్‌బాల్‌లో వెదుక్కొన్నారు. ఆంగ్లేయులు క్రికెట్‌లో వెదుక్కొన్నారు. బంతికి బదులు బిళ్ళను ఎగరగొట్టే బిళ్ళంగోడు ఆడని పల్లె ఒకప్పుడు తెలుగునాట లేదు. నెల్లూరు సముద్రతీరాన మైపాడు, కోడూరు వంటి ఊళ్ళలో తాటిమట్టను బ్యాటుగా చెక్కుకొని ఆడే పిల్లలకు నేడు క్రికెట్ పరాయి ఆట కాదు. కాని నూరేళ్ళ క్రితం అది దొరల ఆట, రాజుల ఆట. దానిని సామాన్య ప్రజల హృదయాలకు చేర్చిన వారిలో అగ్రగణ్యుడు, భారత టెస్టు జట్టుకు తొలి నాయకుడు ఒక తెలుగు బిడ్డ కావడం మనకు గర్వకారణం. ఆయనే సి.కె. నాయుడుగా లోకప్రసిద్ధుడైన కొఠారి కనకయ్య నాయుడు.

నాయుడు 1895 అక్టోబరు 31వ తేదీన నాగపూర్‌లో ఒక తెలుగు కుటుంబంలో జన్మించారు. వారి పూర్వికులు మచిలీపట్నం నుండి వలస వెళ్ళినవారని ప్రసిద్ధి. తాత నారాయణస్వామి నాయుడు నాగపూర్‌లో పేరు గాంచిన న్యాయవాది, భూస్వామి. భారత జాతీయ కాంగ్రెసు తొలినాటి సభ్యులలో ఆయన ఒకరు. తండ్రి సూర్యప్రకాశరావు నాయుడు ఇంగ్లండులోని కేంబ్రిడ్జిలో చదువుకొని వచ్చి న్యాయవాద వృత్తిని చేపట్టారు. విద్యాగంధం, దేశాభిమానం, ఆటలపట్ల మక్కువ మూడూ ఆ ఇంట కలిసి ఉండేవి. కనకయ్య నాగపూర్‌లోని హిస్లాప్ విద్యాసంస్థలో చదివే రోజులలోనే పాఠశాల జట్టుకు నాయకుడయ్యారు. ఆరడుగులకు మించిన ఎత్తు, నిటారైన నడక, చురుకైన చూపు ఆయనను పదిమందిలో ప్రత్యేకంగా నిలిపేవి.

ఆనాటి క్రికెట్ స్వరూపం తెలిస్తే గాని నాయుడు సాధించినదాని విలువ మనకు బోధపడదు. మన దేశంలో ఈ ఆటను మొదట ఆదరించినవారు బొంబాయిలోని పారశీకులు. దక్షిణాదిన మద్రాసులో తెలుగువారైన బుచ్చిబాబు నాయుడు 1888లో మద్రాస్ యునైటెడ్ క్లబ్బును స్థాపించి, భారతీయులకు ఆడుకొనే చోటు కల్పించారు. అయినా ఆట మీద పెత్తనం ఆంగ్లేయులది, సంస్థానాధీశులది. జట్టును పోషించే రాజే జట్టుకు నాయకుడు. బొంబాయిలో ఏటా జరిగే చతుర్ముఖ పోటీలో యూరోపియన్లు, పారశీకులు, హిందువులు, ముస్లిములు వేర్వేరు జట్లుగా తలపడేవారు. మనవారు వినయంగా, జాగ్రత్తగా ఆడాలే తప్ప, దొరల బంతిని చెండాడగలరన్న నమ్మకం చాలామందికి లేదు.

అటువంటి రోజులలో, 1916లో, యువకుడైన నాయుడు హిందూ జట్టు తరఫున యూరోపియన్ల మీద తన తొలి ప్రథమశ్రేణి పోటీ ఆడారు. ఆయన మైదానంలో అడుగుపెట్టేటప్పటికి జట్టు 79 పరుగులకు ఏడు వికెట్లు పోగొట్టుకొని దిక్కుతోచని స్థితిలో ఉంది. కొత్తవాడు బెదిరిపోవలసిన సమయమది. నాయుడు మొదటి మూడు బంతులను నిబ్బరంగా ఆపారు. నాలుగవ బంతిని సిక్సరుగా మలిచారు. ఆపదలో వెనుకడుగు వేయడం కంటె ముందడుగు వేయడమే మేలన్న ఆయన జీవితసూత్రం ఆ ఒక్క దెబ్బలోనే వ్యక్తమైంది.

మద్రాసులోని చేపాక్ మైదానం కూడ ఆయన ప్రతాపాన్ని తొలినాళ్ళలోనే చవిచూసింది. మన నెల్లూరు తీరం వెంట సాగే బకింగ్‌హామ్ కాలువ మద్రాసు నగరంలో ఆ మైదానం పక్కగానే పోతుంది. ఉప్పు, ధాన్యం, శ్రీహరికోట అడవుల వంటచెరకు మోసుకొని పడవలు ఆ కాలువ మీదుగా నగరానికి చేరుతూ ఉన్న కాలమది. 1920వ దశకం ఆరంభంలో, సంక్రాంతి రోజులలో భారతీయులకు, యూరోపియన్లకు నడుమ జరిగే ప్రెసిడెన్సీ పోటీలో నాయుడు అక్కడ శతకం సాధించారు. ఆయన కొట్టిన ఒక బంతి మైదానం వెలుపల ఎంతో దూరాన ఉన్న కొబ్బరిచెట్టు వద్ద పడిందని చూసినవారు ఏళ్ళ తరబడి చెప్పుకొన్నారు. ఉమ్మడి మద్రాసు రాష్ట్రంలో భాగమైన తెలుగు జిల్లాల ప్రజలకు ఆయన పేరు ఇటువంటి కథల ద్వారానే మొదట చేరింది.

1923లో ఇండోరు సంస్థానాధిపతి హోల్కర్ మహారాజు నాయుడును తన రాజ్యానికి ఆహ్వానించి, సైన్యంలో పదవి ఇచ్చి గౌరవించారు. తరువాతి కాలంలో ఆయన పేరుకు ముందు చేరిన కల్నల్ బిరుదు ఆ కొలువు నుండి వచ్చినదే. నాటి నుండి ఇండోరే ఆయనకు ఇల్లు, కర్మభూమి అయింది.

ఆయన ఆటలన్నిటిలోను తలమానికమైనది, ప్రజలు ఎన్నటికీ మరువనిది 1926 డిసెంబరు 1వ తేదీన బొంబాయి జింఖానా మైదానంలో జరిగింది. ఆర్థర్ గిల్లిగన్ నాయకత్వాన ఇంగ్లండు నుండి వచ్చిన ఎం.సి.సి. జట్టు హిందూ జట్టుతో తలపడింది. అతిథుల జట్టు 363 పరుగులు చేసింది. వారిలో గై ఎర్ల్ అనే బలశాలి ఎనిమిది సిక్సర్లతో 130 పరుగులు చేసి ప్రేక్షకులను నివ్వెరపరిచాడు. అంతటి ఆటకు బదులు చెప్పడం మనవారికి సాధ్యమా అన్న సంశయం అందరిలోను ఉన్నది.

ఆ సంశయాన్ని నాయుడు పటాపంచలు చేశారు. ఆయన బ్యాటుకు తగిలిన బంతి ఒకటి జింఖానా భవనం పైకప్పు మీద పడింది. సిక్సరు వెంట సిక్సరు సాగుతుండగా ఆ వార్త నగరమంతటా పాకింది. కచేరీలలో పని చేసేవారు, కళాశాలల విద్యార్థులు మైదానం వైపు పరుగులు తీశారు. చోటు చాలక జనం చెట్ల మీదికి, చుట్టుపక్కల మేడల మీదికి ఎక్కారు. రెండు గంటలైనా నిండకముందే, కేవలం 116 నిమిషాలలో నాయుడు 153 పరుగులు చేశారు. వాటిలో పదకొండు సిక్సర్లు, పదమూడు ఫోర్లు ఉన్నాయి. ఓడించడానికి వచ్చిన ఎం.సి.సి. వారే ఆ ఆటకు ముగ్ధులై ఆయనకు వెండి బ్యాటును బహూకరించారు. ప్రతిభకు ప్రత్యర్థి చేతనే ప్రశంస పొందడం కంటె గొప్ప సత్కారం మరొకటి లేదు.

పరాయి పాలనలో తల వంచుకొని బతుకుతున్న జాతికి ఆ మధ్యాహ్నం ఒక వినోదం మాత్రమే కాదు. పాలకులు నేర్పిన ఆటలో పాలకులనే మించగలమన్న ఆత్మవిశ్వాసాన్ని అది ప్రసాదించింది. అదే నెలలో డి.బి. దేవధర్ కూడ అదే జట్టు మీద 148 పరుగులు చేశారు. ఈ ఆటలు చూసిన గిల్లిగన్‌కు భారతీయులు టెస్టు క్రికెట్‌కు అర్హులన్న విశ్వాసం కలిగింది. ఆయన ప్రోత్సాహంతో సాగిన ప్రయత్నాల ఫలితంగా 1928 డిసెంబరులో భారత క్రికెట్ నియంత్రణ మండలి ఏర్పడింది. 1930లో నెల్లూరు తీరంతో సహా దేశమంతటా ఉప్పు సత్యాగ్రహం సాగుతున్న వేళ, ఆ ఏడు రావలసిన ఎం.సి.సి. జట్టు పర్యటన రద్దయింది. అందుచేత మన తొలి టెస్టు కోసం 1932 దాకా వేచి ఉండవలసి వచ్చింది.

1932లో భారత జట్టు ఇంగ్లండుకు బయలుదేరింది. ఆనాటి ఆచారం ప్రకారం పోరుబందరు మహారాజు నాయకుడు. లింబ్డీ రాజకుమారుడు ఉపనాయకుడు. ఆటలో అందరికంటె మేటి అయిన నాయుడుకు ఏ పదవీ లేదు. అయితే పోరుబందరు మహారాజు సంస్కారవంతుడు. తన ఆట టెస్టు స్థాయికి తగినది కాదని గ్రహించి తాను తప్పుకొన్నారు. లింబ్డీ రాజకుమారుడు గాయం వల్ల ఆడలేకపోయారు. ఆ విధంగా నాయకత్వ బాధ్యత నాయుడు భుజాల మీదికి వచ్చింది. రాజవంశంలో పుట్టని వ్యక్తి కింద ఆడడం జట్టులో కొందరికి రుచించలేదు. అయినా పోరుబందరు మహారాజు తన నిర్ణయానికే కట్టుబడి ఉన్నారు.

1932 జూన్ 25వ తేదీన లండన్ నగరంలోని లార్డ్స్ మైదానంలో భారతదేశం తన తొలి టెస్టు ఆడింది. బొంబాయిలో మతాల పేర వేర్వేరు జట్లుగా ఆడుతూ వచ్చిన హిందువులు, ముస్లిములు, పారశీకులు ఒక సిక్కు యువకునితో కలిసి ఆ రోజు ఒకే జట్టుగా నాయుడు వెంట నడిచారు. ఆట ఆరంభమైన కొద్దిసేపటికే మహమ్మద్ నిసార్ వేగానికి, లాల్ సింగ్ చురుకుదనానికి ఇంగ్లండు 19 పరుగులకు మూడు వికెట్లు పోగొట్టుకొన్నది. చివరికి ఆ జట్టు 259 పరుగులు చేసింది. క్యాచ్ పట్టే ప్రయత్నంలో నాయుడు చేతికి గాయమైంది. ఆ నొప్పితోనే బ్యాటు పట్టి 40 పరుగులు చేశారు. తొలి ఇన్నింగ్సులో మనవారిలో అదే అత్యధికం. భారత జట్టు 158 పరుగుల తేడాతో ఓడిపోయినా, తొలి ప్రయత్నంలోనే గట్టి పోటీ ఇచ్చిందన్న కీర్తిని గడించింది.

ఆ పర్యటనలో నాయుడు ప్రథమశ్రేణి పోటీలలో 1,618 పరుగులు చేసి, 65 వికెట్లు తీశారు. 32 సిక్సర్లు కొట్టారు. బర్మింగ్‌హామ్‌లో ఆయన కొట్టిన ఒక బంతి మైదానం పక్కనున్న చిన్న నదిని దాటిందని, ఆ నదే అప్పట్లో రెండు కౌంటీలకు ఎల్లగా ఉండేదని, ఆ దెబ్బతో బంతి ఒక సీమ నుండి మరొక సీమలో పడిందని క్రీడాభిమానులు నేటికీ సరదాగా చెప్పుకొంటారు. క్రికెట్ లోకంలో ప్రామాణికమైన విజ్డెన్ వార్షిక గ్రంథం 1933లో ఆ ఏటి ఐదుగురు ఉత్తమ క్రీడాకారులలో ఒకరిగా ఆయనను ఎన్నుకొన్నది.

1933-34లో ఇంగ్లండు జట్టు డగ్లస్ జార్డిన్ నాయకత్వాన మన దేశానికి వచ్చింది. మూడు టెస్టులలోను నాయుడే మన నాయకుడు. బొంబాయిలో జరిగిన తొలి టెస్టులో యువకుడైన లాలా అమర్‌నాథ్ భారతదేశానికి మొదటి టెస్టు శతకాన్ని సాధించగా, రెండవ కొసన నిలిచి 67 పరుగులతో అండగా ఉన్నది నాయుడే. వారిద్దరూ కలిసి 186 పరుగులు జోడించారు. 1934 ఫిబ్రవరిలో మూడవ టెస్టు చేపాక్‌లో జరిగింది. మద్రాసు నగరం చూసిన తొలి టెస్టు అదే. రెండు టెస్టులలో ఓడి, ఒకటి సమం చేసుకొన్నా, మనవారు ఆటలో చూపిన పట్టుదల ప్రజలను ఆకట్టుకొన్నది.

కాని యోగ్యత ఉన్నంత మాత్రాన పదవి నిలుస్తుందని లేదు. 1936లో ఇంగ్లండు పర్యటనకు విజయనగరం మహారాజకుమారుడు నాయకుడయ్యారు. విజ్జీగా ప్రసిద్ధుడైన ఆయన క్రికెట్‌కు పోషకుడే గాని, టెస్టు ఆటగాడుగా నాయుడుకు సాటి వచ్చేవారు కారు. ఇద్దరి మూలాలూ తెలుగుగడ్డలోనివే కావడం విధి విచిత్రం. ఆ పర్యటనలో జట్టు రెండు వర్గాలుగా చీలిపోయింది. అమర్‌నాథ్‌ను టెస్టులు మొదలు కాకముందే స్వదేశానికి తిప్పి పంపారు. తాను నడిపించిన జట్టులోనే నాయుడు సాధారణ సభ్యుడుగా ఆడవలసి వచ్చింది. అభిమానవంతునికి అంతకు మించిన పరీక్ష లేదు. ఆ పరీక్షకు ఆయన బ్యాటుతోనే సమాధానం చెప్పారు. ఓవల్ మైదానంలో జరిగిన చివరి టెస్టులో ఇంగ్లండు నాయకుడు గబ్బీ ఆలెన్ వేసిన బంతి ఆయన శరీరానికి బలంగా తగిలింది. బాధను ఓర్చుకొని నిలిచి 81 పరుగులు చేశారు. ఏడు టెస్టులలో ఆయన అత్యధిక స్కోరు అదే. ఆయన ఆడిన చివరి టెస్టు కూడ అదే.

టెస్టు ద్వారం మూసుకొన్నా నాయుడు ఆటకు దూరం కాలేదు. ఇండోరులో కూర్చి తీర్చిన హోల్కర్ జట్టు ఆయన శిల్పమనవచ్చు. వీధులలో ఆడుకొనే బాలుడైన ముస్తాక్ అలీలోని ప్రతిభను తొలుత గుర్తించి తీర్చిదిద్దినది ఆయనే. ఆ ముస్తాక్ అలీయే 1936లో మాంచెస్టరులో శతకం సాధించి, విదేశీ గడ్డ మీద టెస్టు శతకం చేసిన తొలి భారతీయుడయ్యాడు. నాయుడు తమ్ముడు సి.ఎస్. నాయుడు కూడ బంతిని తిప్పడంలో దిట్ట. 1944-45 రంజీ ట్రోఫీ తుది పోటీలో ఆ తమ్ముడు ఒకే ఆటలో 917 బంతులు వేసి రికార్డు సృష్టించాడు. శిక్షణ విషయంలో నాయుడు కఠినుడు. అలసత్వాన్ని సహించేవారు కారు. ఆయన మాట కటువుగా తోచి నొచ్చుకొన్నవారు లేకపోలేదు. కాని ఇతరులకు విధించిన నియమాన్ని తాను మొదట పాటించడం చేత ఆయన ఆజ్ఞకు ఎదురుండేది కాదు.

ఆయన మార్గదర్శకత్వంలో హోల్కర్ జట్టు 1945-46, 1947-48, 1950-51, 1952-53 సంవత్సరాలలో రంజీ ట్రోఫీని గెలుచుకొన్నది. 1945-46లో మైసూరు మీద హోల్కర్ ఎనిమిది వికెట్లకు 912 పరుగులు చేయగా, ఒకే ఇన్నింగ్సులో ఆరుగురు శతకాలు సాధించారు. ఆ ఆరుగురిలో యాభై ఏళ్ళ నాయుడు ఒకరు. అదే ఏడు బరోడాతో జరిగిన తుది పోటీలో ఆయన ద్విశతకం చేశారు. ఏభై దాటిన తరువాత, బొంబాయితో జరిగిన ఒక పోటీలో దత్తూ ఫడ్కర్ వేసిన వేగవంతమైన బంతి తగిలి పళ్ళు ఊడిపోగా, వాటిని పక్కకు తోసి ఆట కొనసాగించారన్న ముచ్చట ఆయన ధైర్యానికి నిదర్శనంగా లోకంలో నిలిచిపోయింది.

1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం అవతరించింది. నెల్లూరు మొదలుకొని శ్రీకాకుళం వరకు గల తీరమంతా ఆ కొత్త రాష్ట్రంలో చేరింది. 1953-54లో ఆంధ్ర జట్టు మొదటిసారి రంజీ ట్రోఫీ బరిలో దిగింది. అనుభవం లేని ఆ యువకుల జట్టుకు సారథ్యం వహించడానికి యాభై ఎనిమిదేళ్ళ నాయుడు ముందుకు వచ్చారు. నాగపూర్‌లో పుట్టి, ఇండోరులో స్థిరపడి, లార్డ్స్‌లో దేశాన్ని నడిపించిన మనిషి, పూర్వికుల గడ్డ పిలిచినప్పుడు గెలుపోటములను లెక్కించలేదు. తెలుగువారి క్రికెట్‌కు ఆయన చేతుల మీదుగా శుభారంభం జరగడం మన భాగ్యం.

1956లో భారత ప్రభుత్వం ఆయనను పద్మభూషణ్ పురస్కారంతో గౌరవించింది. ఆ గౌరవాన్ని పొందిన తొలి క్రికెట్ క్రీడాకారుడు ఆయనే. 1956-57లో అరవై ఒకటవ ఏట ఉత్తరప్రదేశ్ తరఫున ఆడి రంజీ ట్రోఫీ నుండి విరమించారు. నలభై ఏళ్ళు దాటిన క్రీడాజీవితంలో 207 ప్రథమశ్రేణి పోటీలు ఆడి 11,825 పరుగులు, 26 శతకాలు, 411 వికెట్లు సాధించారు. 1967 నవంబరు 14వ తేదీన ఇండోరులో కన్నుమూశారు. ఆయన కుమార్తె చంద్ర నాయుడు మన దేశంలో తొలి మహిళా క్రికెట్ వ్యాఖ్యాతగా పేరు పొంది, తండ్రి జీవితాన్ని గ్రంథస్థం చేశారు. క్రికెట్ నియంత్రణ మండలి 1994 నుండి విశిష్ట క్రీడాకారులకు నాయుడు పేర జీవనసాఫల్య పురస్కారాన్ని ఇస్తోంది. యువ క్రీడాకారుల పోటీకి కూడ ఆయన పేరే పెట్టారు.

నాయుడు టెస్టులలో చేసిన పరుగులు 350 మాత్రమే. టెస్టు శతకం ఆయనకు దక్కలేదు. తొలి టెస్టు ఆడేనాటికే ఆయనకు ముప్ఫై ఆరేళ్ళు నిండాయి. అంకెలను మాత్రమే చూసేవారికి ఆయన తరువాతి తరాల వీరులకంటె చిన్నగా కనిపించవచ్చు. కాని పుట్టుక చేత పెద్దరికం నిర్ణయమయ్యే కాలంలో, శక్తి చేతనే పెద్దరికం నిలుస్తుందని నిరూపించడం ఏ పట్టికలోను చేరని ఘనకార్యం. పదవి వచ్చిన నాడు పొంగక, పోయిన నాడు కుంగక, తన పనిని తాను శ్రద్ధగా చేసినవాడే నిజమైన నాయకుడని ఆయన జీవితం బోధిస్తున్నది. ఆటలోనైనా, చదువులోనైనా, కొలువులోనైనా యువతరం అలవరచుకొనవలసిన గుణమిదే.